మిల్లీమీటరు

నేను బస్సు నడిపేవాణ్ణి.
పాఠంతో నాకేం పని?
కానీ ఇనుప కడ్డీలు బరువు,
విర్వె టీచరుది నొప్పుల నడుము.
అందుకని ఏడో తరగతి వెనకాలే
కడ్డీలు భుజాన వేసుకుని
నేనూ దిగాను ఊబినేలలోకి.

ఎస్టోనియాలో సెప్టెంబరు పొద్దు
లేచాక కూడా కాసేపు దుప్పటి వదలదు.
పొగమంచులోంచి ఒక్కొక్కరే
కాళ్ళకు చేటలు కట్టుకున్న పిల్లలు,
బాతుల్లా, బాతులకన్నా ఎక్కువ గోలతో.
నేల కాదిది, నీటి పరుపు.
ఇక్కడొకడు గెంతితే నాలుగడుగుల అవతల
గిడసబారిన పైన్ చెట్టు తలూపుతుంది.
దాని వయసు నూటయాభై అట.
నా నడుం దాకా కూడా లేదు.

"చూసింది చాలు, ముట్టుకోండి," అంది విర్వె.
కెర్తు గుప్పెడు నాచు పిండింది.
కొలజాడీలో తొంభై మిల్లీలీటర్లు,
అరచేతిలో మిగిలింది పిట్ట ఈకంత.
ఇదేం లెక్కని మళ్ళీ ముంచి మళ్ళీ పిండింది
నమ్మకం కుదిరేదాకా,
మోచేతులు తడిసేదాకా.
రైగోకి ఒక ఆకు దొరికింది,
ఎర్ర జిగురుబొట్లలో చిక్కిన దోమతో సహా.
దాని కాళ్ళు లెక్కపెడుతూ
తన మెడ మీది దోమల్ని మరిచిపోయాడు.
గుంటలో నీళ్ళు డికాషన్ రంగు.
కాగితం ముంచితే ఆమ్లం అని తేలింది.
ఎవరూ చూడకుండా నేనూ వేలు ముంచి నాకాను.
పుల్లగా ఏం లేదు.

నా చిన్నప్పుడు సైన్సంటే
నల్లబల్ల మీద సుద్దతో గీసిన కప్ప.
దానికి వాసన లేదు,
పారిపోయే తెలివీ లేదు.

తర్వాత కడ్డీ దించారు.
ఒకదాని మీద ఒకటి బిగించి
నలుగురూ వేలాడితే
ఒక మీటరు. రెండు. మూడు.
నాలుగున్నర దగ్గర బంకమన్ను తగిలి ఆగింది.
"నాచు చచ్చి, ఈ నీళ్ళలో కుళ్ళలేక
పేరుకుంటే పీట్ అవుతుంది.
ఏడాదికి ఒక మిల్లీమీటరు.
ఇక లెక్క మీది."
వేళ్ళ మీద, తడిసిన నోటుపుస్తకాల్లో
నాలుగు వేల అయిదు వందలు.

పైకి లాగితే కడ్డీ గాడిలో
చాక్లెట్ రంగు ముద్ద,
మూడు మీటర్ల గుర్తు దగ్గర
తెల్లగా ఒక బిర్చి బెరడు ముక్క,
నిన్న రాలినట్టు.
అందరూ ఒక్కసారిగా నోరు మూశారు.
పదకొండేళ్ళుగా నా బస్సులో
ఎంత అరిచినా రాని నిశ్శబ్దం అది.

తౌరి ఒక్కడే ఇంకా లెక్కలో ఉన్నాడు.
కాలువ అవతల వాళ్ళ నాన్న
పీట్ గీకే యంత్రం నడుపుతాడు.
సంచుల కెక్కి, పూలకుండీల కోసం
ఎక్కడెక్కడికో పోతుంది.
తౌరి బూట్లు ఆ డబ్బులే.
"మా నాన్న బండి ఒక్కసారి వెళ్తే
పది మిల్లీమీటర్లు లేస్తుంది.
ఎండ బాగా కాసిన వేసవిలో పన్నెండుసార్లు."
ఎవరూ అడగకుండానే అన్నాడు.
"అంటే నూట ఇరవై ఏళ్ళు. ఒక్క వేసవికి."

విర్వె మంచి అనలేదు, చెడ్డ అనలేదు.
"రాసుకో. యూనిట్లు మరిచిపోకు."
రాశాడు. కింద గీత గీశాడు.
రబ్బరు తీసి చూసి
మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

కడ్డీ తీసిన చోట నీళ్ళు ఊరి
బొక్క దానంతటదే మూసుకుంది.

బస్సులో నా వెనక సీట్లో కూర్చున్నాడు,
టిఫిన్ డబ్బాలో పీట్ ముద్దతో.
"నాన్నకి చూపిస్తా."
"ఆయన రోజూ ముట్టుకునేదేగా?"
"చేతితొడుగులతో," అన్నాడు.

సాయంత్రం బస్సు ఊడ్చాను.
సీట్ల కిందంతా నల్లటి పొడి.
చెత్తపారలో అది ఎన్నేళ్ళుంటుందో
అంచనా వేయబోయి
తలుపు దగ్గరే నిలబడిపోయాను,
చీపురు చేతిలోనే ఉంది.